మూజువాణి బడ్జెట్టు

ఢిల్లీ పార్లమెంటు మాట వస్తే చాలు, మన విందుల్లో ఎవరో ఒకరు "అక్కడ అరుపులే గాని పనేం జరుగుతుందండీ" అంటారు. ఈ మాట అనేవారు రెండు రకాలు. ఒక రకంవారు విసుగుతో అంటారు. రెండో రకంవారు తృప్తితో అంటారు. అరిచేవాళ్లు అరుస్తూ వుండగానే ప్రభుత్వం తన పని తాను చక్కబెట్టుకుపోతున్నది గదా, అంతకన్న ఏం కావాలి అని వారి భావం. మేము ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ రెండో రకంవారి కోసం. వారేమీ పరాయివారు కారు. మాతో కలిసి చదువుకున్న డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, మన పిల్లలకు ఆదివారం పూట ఓనమాలు దిద్దించే పెద్దవారూ వున్నారు. అందుకే వారితో వాదం పెట్టుకోక తప్పదనిపించింది.

వారు చెప్పేది మర్యాదగా తిరిగి చెబితే ఇలా వుంటుంది. బడ్జెట్టు లెక్కల వ్యవహారం. తెలిసిన ఆఫీసర్లు నెలల తరబడి కూర్చుని తయారు చేస్తారు. దాని మీద ఐదువందల నలభై ముగ్గురు ఉపన్యాసాలిచ్చినందువల్ల ఒక్క రూపాయి అటూ ఇటూ అయ్యేది లేదు. ఇక దేశ రక్షణ సంగతులు సభలో అడగనేకూడదు. అడిగినవాడు శత్రువుకు చెవిలో చెప్పినవాడితో సమానం.

ముందు మొదటిది చూద్దాం. ఫిబ్రవరి మొదటి తేదీన ఆర్థికమంత్రి ఉపన్యాసం అవుతుంది. ఆ రాత్రి ఇక్కడ మనం ఆదాయపు పన్ను శ్లాబు ఏమైంది, బంగారం మీద సుంకం ఎంత తగ్గింది అని ఫోన్లలో పంచుకుంటాం. అక్కడితో మన బడ్జెట్టు అయిపోతుంది. పార్లమెంటు బడ్జెట్టు అప్పుడే మొదలవుతుంది. రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం ప్రతి మంత్రిత్వశాఖా తనకు కావలసిన డబ్బును పద్దు రూపంలో లోక్‌సభ ముందు పెట్టి అడగాలి. సభ ఇస్తేనే డబ్బు. ఇలాంటి పద్దులు వందకు పైగా వుంటాయి. పద్దు మీద ఏ సభ్యుడైనా కోత తీర్మానం ఇవ్వవచ్చు. ఈ విధానమే మాకు నచ్చలేదు అనుకుంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటాడు. ఏదో ఒక ఫిర్యాదు చెప్పుకోవాలంటే వంద రూపాయలు తగ్గించమంటాడు. ఆ వందతో ఖజానాకు ఒరిగేది లేదని అందరికీ తెలుసు. కాని ఆ వంద పేరు మీద మంత్రి లేచి నిలబడి, ఫలానా ఆస్పత్రిలో స్కానింగ్ మిషను యెందుకు మూలపడి వుందో చెప్పవలసి వస్తుంది. వంద రూపాయలకు ఇంతకంటె మంచి బేరం లోకంలో ఎక్కడా లేదని మా అభిప్రాయం.

మరి ఆ బేరం జరుగుతున్నదా? మామూలు సంవత్సరాల్లో నాలుగైదు మంత్రిత్వశాఖల పద్దులు చర్చకు వస్తాయి. మిగిలినవన్నీ చివరి రోజున నిర్ణయించిన గంటకు, ఒకే కట్టగా, అవునన్నవారు అవును, కాదన్నవారు కాదు అనే మూజువాణి ఓటుతో దాటిపోతాయి. దీనికి పార్లమెంటు భాషలో గిలటిన్ అని పేరు. ఆ పేరు మా వృత్తివాడిదే లెండి. 1789లో పారిస్‌లో జాతీయ సభ సభ్యుడుగా వున్న డాక్టర్ గిలటిన్, శిక్ష పడినవాళ్ల తలలు యంత్రంతో తీస్తే బాధ తెలియదని సభకు ప్రతిపాదించాడు. యంత్రం గీసింది ఆయన కాదు, ఆంట్వాన్ లూయీ అనే సర్జను. పేరు మాత్రం ఆయనకు అంటుకుంది. బాధ తెలియకుండా పని కానివ్వడంలో లోక్‌సభ గిలటిన్ ఆ డాక్టరుగారి ఆశయాన్ని పూర్తిగా నెరవేర్చింది.

2018 మార్చి 14 సంగతి మన తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. ఆ రోజు ఒక్క మంత్రిత్వశాఖ పద్దు మీదా చర్చ లేకుండా, 24 లక్షల 42 వేల కోట్ల రూపాయల బడ్జెట్టుకు లోక్‌సభ సుమారు అరగంటలో ఆమోదం తెలిపింది. సభలో ప్లకార్డులు, నినాదాలు. ఆ నినాదాలు చేస్తున్నవారిలో మనవారు ముందున్నారు. తెలుగుదేశం, వైకాపా సభ్యులు ప్రత్యేక హోదా కోసం, తెరాస సభ్యులు రిజర్వేషన్ల కోసం, వారి పక్కనే తమిళ సభ్యులు కావేరి కోసం, కాంగ్రెసువారు నీరవ్ మోదీ బ్యాంకు కుంభకోణం కోసం. ఎవరి కారణం వారికుంది. ప్రత్యేక హోదా అడగడం తప్పని మేము అనడం లేదు. అది ప్రధానమంత్రి స్థానంలో వున్న మనిషి రాజ్యసభలో నిలబడి ఇచ్చిన మాట, అడిగి తీరవలసిందే. కాని డబ్బు అడిగేందుకు రాజ్యాంగం ఏర్పాటు చేసిన గంట వచ్చినప్పుడు, డబ్బు కావలసినవారే గంట వినబడకుండా అరుస్తూ వుంటే, ఆ గోలకు ప్రభుత్వం లోపల్లోపల కృతజ్ఞత చెప్పుకొని వుండాలి. పైగా సమావేశాలు ఏప్రిల్ 6 వరకు వున్నాయి. మూడు వారాలు మిగిలి వుండగా గిలటిన్‌కు ఏం తొందర వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

రెండు రోజులు గడిచాక, మార్చి 16 నుంచి మన పార్టీలవారు అవిశ్వాస తీర్మానం నోటీసులిచ్చారు. తీర్మానానికి యాభైమంది లేచి నిలబడాలి. సభ అదుపులో లేదు గనుక నిలబడ్డవారిని లెక్కపెట్టడం సాధ్యం కాదని స్పీకరుగారు రోజు తరువాత రోజు వాయిదా వేశారు. గోలలో యాభై తలలు లెక్కపెట్టడం కుదరని సభకు, అంతే గోలలో 24 లక్షల కోట్లు లెక్కపెట్టడం కుదిరింది. ఆ తీర్మానం చివరకు జూలై 20న చర్చకు వచ్చి 126కు 325 ఓట్లతో వీగిపోయింది. వీగిపోతుందని అందరికీ తెలుసు. అయినా ఆ ఒక్కరోజు మన సభ్యులు లేచి, అంకెలతో, అవతలివాడు జవాబు చెప్పక తప్పని పద్ధతిలో మాట్లాడారు. ప్లకార్డు పట్టుకున్న ఇరవై రోజుల కంటె ఆ కొద్ది గంటల్లో మన రాష్ట్రం మాట ఎక్కువ దూరం వెళ్లిందని మా నమ్మకం.

ఇప్పుడు దేశభద్రత మిత్రులు కాస్త దగ్గరకు జరగాలి. గిలటిన్‌కు ముందురోజు, అంటే మార్చి 13న, రక్షణశాఖ స్థాయీ సంఘం నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. సైన్యం ఉప ప్రధానాధికారి స్వయంగా ఆ సంఘానికి చెప్పిన మాట అందులో వుంది. సైన్యం చేతిలో వున్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుది, అధునాతనమైనది 8 శాతం మాత్రమే, ఇచ్చిన డబ్బు చాలదు అని. సంఘానికి అధ్యక్షుడు ప్రతిపక్షంవాడు కాడు. పాలకపక్షానికే చెందిన రిటైర్డ్ మేజర్ జనరల్ ఖండూరీ. ఒక సైనికాధికారి, ఇంకొక మాజీ సైనికాధికారికి, అచ్చులో, దేశం ముందు చెప్పిన మాట ఇది. ఏ దేశపు శాసనసభయినా మరునాడు మిగతా పనులు పక్కనపెట్టి దీన్ని పట్టుకోవాలి. మరునాడు రక్షణ పద్దు కూడా ఆరోగ్యం, వ్యవసాయం, విద్యలతోబాటు అదే కట్టలో, అదే అరగంటలో వెళ్లిపోయింది. సెప్టెంబరుకల్లా ఖండూరీగారి స్థానంలో మరొకరు అధ్యక్షులయ్యారు. రక్షణ గురించి ప్రశ్నలడిగితే సైన్యం బలహీనపడుతుందనే మిత్రులు, ఆ వారంలో సైన్యాన్ని బలహీనపరచినది ప్రశ్నా, మౌనమా చెప్పాలి.

ఒక పార్టీ మీద కక్షతో రాస్తున్నామని ఎవరైనా అనుకుంటే, 2013 సంగతీ చెబుతాము. అప్పుడు ఇప్పటి ప్రతిపక్షమే ప్రభుత్వం. బొగ్గు గనుల కుంభకోణం మీద సభ స్తంభించింది. ఆ ఏడూ పద్దులన్నీ చర్చ లేకుండానే గిలటిన్ అయ్యాయి. 2023లో మళ్లీ అదే జరిగింది, 45 లక్షల కోట్లు నిమిషాల్లో. మా ఆరోగ్యశాఖది ఆ ఏడు 46వ నంబరు పద్దు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకు డబ్బు వెళ్లేది అందులోంచే. ఆ రెండు ఆస్పత్రుల్లో ఎందరు ప్రొఫెసర్ల ఖాళీలున్నాయి, ఎన్ని పడకలు తెరిచారు అని అడగడానికి నలభై ఇద్దరు తెలుగు సభ్యులకు దొరికిన అవకాశం ఆ పద్దు. మన అమ్మానాన్నలు అర్ధరాత్రి వెళ్లవలసివస్తే వెళ్లేది అక్కడికే గదా. ఇక్కడ కూర్చుని మనం ఫోనులో వారి బి.పి. అంకెలు వింటున్నాం, వారి ఆస్పత్రి అంకెలు వినవలసినవాళ్లు వినడం లేదు.

ఇదంతా ఎందుకిలా అయింది? దీనికి పెద్ద పరిశోధన అక్కరలేదు. తొలి పార్లమెంట్ల కాలంలో లోక్‌సభ ఏడాదికి సగటున 120 రోజులు కూర్చునేది. 2019 నుంచి 2024 వరకు వున్న 17వ లోక్‌సభ ఐదేళ్లలో కూర్చున్నది మొత్తం 274 రోజులు. ఏడాదికి 55. ఇక్కడ మా ఆస్పత్రిలో మొదటి సంవత్సరం రెసిడెంటు రెండు నెలల్లో చేసే డ్యూటీ అంత. రెండోది, 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం. ఆ చట్టం ఉద్దేశం మంచిదే. గోడదూకుళ్లు చూసినవారికి దాని అవసరం తెలుసు. కాని దానివల్ల, పార్టీ విప్ ఇచ్చిన ప్రతి ఓటులోనూ సభ్యుడు చెప్పినట్టు వేయాలి, లేకపోతే సీటు పోతుంది. పద్దు ఓడితే ప్రభుత్వం పడినట్టే గనుక పద్దు మీద విప్ వుండి తీరుతుంది. ఓటు ఎటూ తనది కానప్పుడు లెక్కలు చదివి రావలసిన పని సభ్యుడికేమిటి?

"మరి ఇక్కడి కాంగ్రెసు ఏం వెలగబెడుతోంది" అని అడుగుతారు. పొగడబోవడం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ఇక్కడి ప్రభుత్వం డబ్బు మంజూరుకాక మూతపడింది, విమానాశ్రయాల్లో కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు. అది తెలివైన పద్ధతి అని ఎవరూ అనలేరు. అయితే ఇదే దేశంలో ఏటా సైన్యాధిపతులు కాంగ్రెసు సంఘాల ముందు టి.వి. కెమెరాల ఎదుట కూర్చుని, నీకు ఈ విమానం ఎందుకు, పోయినసారి కొన్నది ఎందుకు పాడయింది అన్న ప్రశ్నలకు జవాబు చెబుతారు. రహస్యమైనది తలుపు మూసి చెబుతారు. మిగిలింది బయటే. మన స్థాయీ సంఘాలు మొత్తం తలుపులు మూసుకునే కూర్చుంటాయి. మనకు నచ్చిన ప్రభుత్వం వున్నప్పుడు ఇది సౌకర్యంగానే వుంటుంది, నచ్చనిది వచ్చినప్పుడు ఆ తలుపు ఎవరు తెరుస్తారు?

రక్షణ గురించి అడగరాదు అనే నియమం మనకు పెద్దలనుంచి వచ్చిందనుకోవడం పొరపాటు. 1962 నవంబరు 8న, చైనా సైన్యం ఇంకా మన భూమి మీద వుండగా, పార్లమెంటు సమావేశమైంది. రహస్యంగా కూర్చుందామన్న సూచనను నెహ్రూ ఒప్పుకోలేదు. దాదాపు వారం పాటు 165 మంది సభ్యులు మాట్లాడారు. చాలామంది ప్రభుత్వాన్ని చీల్చి చెండాడారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది చనిపోయారు. వారి కమాండింగ్ ఆఫీసరు మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు. ఆ సెప్టెంబరులో లోక్‌సభలో రక్షణమంత్రి ప్రకటన చదివారు, దాని మీద చర్చ పెట్టలేదు. ప్రశ్నోత్తరాల సమయాన్ని ఆ సమావేశాల్లో ముందే రద్దు చేశారు. సూర్యాపేటలో విగ్రహం పెట్టుకున్నాం, మన సంఘాల్లో రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆయన ఏ పరిస్థితిలో అక్కడికి వెళ్లవలసి వచ్చిందని అడగడం ఆ గౌరవంలో భాగం కాదా? 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపిన తరువాత ప్రత్యేక సమావేశం కావాలన్నారు, పెట్టలేదు. అయినా జూలై చివరిలో రెండు సభల్లోనూ గంటల తరబడి చర్చ జరిగింది. ఏ రహస్యమూ పొక్కలేదు, సరిహద్దు ఎక్కడిదక్కడే వుంది.

అదే 2020 సెప్టెంబరులో, ప్రశ్నల గంట లేని ఆ సమావేశాల్లోనే, విదేశీ విరాళాల చట్టాన్ని బిగించారు. మనలో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఊళ్లో బడికి బెంచీలు కొనాలన్నా ఆ డబ్బు ముందు ఢిల్లీలో ఒకే ఒక బ్యాంకు బ్రాంచీలో పడాలి. ఒక సంస్థ తీసుకుని ఇంకో చిన్న సంస్థకు అందించడానికి వీల్లేదు. ఇందుకు చెప్పిన కారణం దేశ భద్రత. సరే, వుండవచ్చు. మరి ఇదే చట్టాన్ని 2018 మార్చి 14న, అదే అరగంటలో, ఫైనాన్సు బిల్లులో ఒక సవరణగా, 1976 నుంచి వర్తించేటట్టు వెనక్కి మార్చి, రాజకీయ పార్టీలు అప్పటిదాకా పుచ్చుకున్న విరాళాలకు చిక్కు లేకుండా చేసుకున్నారు. బడి బెంచీలకు తాళం, పార్టీ హుండీలకు మాఫీ. చర్చ జరిగివుంటే కనీసం ఎవరో ఒకరు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివేవారు.

సభ భద్రత గురించి కూడా ఒక మాట. 2001 డిసెంబరు 13న దుండగులు పార్లమెంటు ఆవరణలోకి వచ్చినప్పుడు భద్రతా సిబ్బంది, ఒక తోటమాలి, మొత్తం తొమ్మిదిమంది ప్రాణాలిచ్చి లోపలున్నవారిని కాపాడారు. సరిగ్గా 22 ఏళ్లకు, 2023లో అదే తేదీన, ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు పొగ వదిలారు. హోంమంత్రి వచ్చి చెప్పాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. ఫలితంగా రెండు సభల్లో కలిపి 146 మంది సస్పెండ్ అయ్యారు. పొగ వదిలినవారు ఇద్దరు, బయటికి వెళ్లినవారు 146 మంది. ఆ ఖాళీ బెంచీల ముందు, బ్రిటిషువారి కాలం నుంచి వున్న శిక్షాస్మృతిని మార్చే మూడు చట్టాలు ఆమోదం పొందాయి. ఒక పార్టీ కార్యకర్తగా కాక మామూలు మనిషిగా ఆలోచించినా ఇందులో ఏదో అపసవ్యంగా వుందని తోచక మానదు.

ఇంకా వెనక్కి వెళితే మన ఇంటి సంగతే వుంది. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణా బిల్లు సభకు వచ్చినప్పుడు విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ మిరియాల స్ప్రే కొట్టారు. అప్పుడు మేము గుంటూరులో హౌస్‌సర్జన్లం. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తున్న సభ్యులను డ్యూటీరూము టి.వి.లో చూసి, ఉబ్బసం వున్నవాళ్లు ఎందరున్నారో అని మా ప్రొఫెసరుగారు అన్నారు. ఐదురోజులకు, 18వ తేదీన, బిల్లు మీద ఓటు మొదలయ్యే వేళకు ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. తలుపులు మూసి మూజువాణి ఓటుతో ఒక రాష్ట్రాన్ని రెండు చేశారు. విభజన మంచిదా కాదా అన్నది ఇక్కడ విషయం కాదు. ఈ సంఘంలో ఇరువైపులవారమూ ఒకే పంక్తిలో భోజనం చేస్తున్నాం, చేస్తాం. తెలంగాణావారికి న్యాయంగా రావలసింది కూడా వెలుగులో రాలేదు, ఆంధ్రావారికి ఇచ్చిన మాట కూడా చట్టంలోకి ఎక్కలేదు. ఆనాడు రెండు రాష్ట్రాల ఆస్తులు, అప్పులు, నీళ్లు అంశం అంశంగా చర్చకు వచ్చివుంటే ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగే పని కొంతైనా తగ్గేది. అరుపులవల్ల పని ఆగదు, అరుపుల కింద పని జరిగిపోతుంది. తెలుగువాడికి ఇది తెలిసినంత ఇంకెవరికి తెలియాలి?

డాక్టర్లం గనుక ఇంకొకటి చెప్పకుండా వుండలేము. 2025 డిసెంబరులో పాన్‌మసాలా తయారుచేసే మిషన్ల మీద కొత్త సెస్సు వేశారు. దాని పేరులోనే ఆరోగ్య భద్రత, జాతీయ భద్రత రెండూ వున్నాయి. పాన్‌మసాలా మీద ఎంత పన్ను వేసినా మాకు సంతోషమే. వక్కపొడి నమిలి నమిలి దవడ బిగుసుకుపోయి, నోట్లో రెండు వేళ్లు కూడా పట్టని ముప్పై ఏళ్ల కుర్రవాళ్లను ఓ.పి.లో చూసినవాళ్లం. కాని ఆ కుర్రవాడి పేరు మీద వసూలైన డబ్బులో కాన్సరు ఆస్పత్రికెంత, ఫిరంగికెంత? సెస్సు గనుక రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల వాటాలోకి రాదు. ఇస్తే కేంద్రం తన స్కీముల రూపంలో ఇవ్వాలి. 2025-26లో రక్షణకు 6 లక్షల 81 వేల కోట్లు, ఆరోగ్యశాఖకు దాదాపు లక్ష కోట్లు. ఈ నిష్పత్తి సరైనదే కావచ్చు, మనకు ఇద్దరు పొరుగువారున్నారు. సరైనదని ఎవరో ఒకరు లేచి వాదించి నిరూపించాలి గదా. కొత్త సెస్సు ఏ వైపు ఎంత వెళ్లిందో అడగవలసిన చోటు మళ్లీ ఆ పద్దుల చర్చే.

మనకేం హక్కు అంటారేమో. ఇక్కడి పాస్‌పోర్టు తీసుకున్నవారికి అక్కడ ఓటు లేదు, నిజమే. భారత పౌరులుగానే వున్నవారికి 2010లో చట్టం మార్చి ఓటు ఇచ్చారు, ఊరికి వెళ్లి స్వయంగా వేయాలి. కాని హక్కు లేదనేవారెవరూ ఎన్నికలప్పుడు ఊరుకోవడం మేము చూడలేదు. చందాలు పంపుతారు, సెలవు పెట్టి ప్రచారానికి వెళతారు, కారుల ర్యాలీలు తీస్తారు. 2024 తరువాత కేంద్ర ప్రభుత్వం నిలబడడానికి తెలుగు సభ్యుల మద్దతు కావలసివచ్చిందని గర్వపడ్డవారూ మనమే. ఆ మద్దతుకు ధర వుంటే అది పద్దుల్లో కనబడాలి.

వేసవిలో తెలుగు మహాసభలకు పార్లమెంటు సభ్యులు వస్తారు. శాలువా, జ్ఞాపిక, ఫొటోలు, ఆపైన వారి ఉపన్యాసం. అందులో మనల్ని పొగడడమే ఎక్కువ. ఈసారి మన సంఘం పిలిచే సభ్యులెవరైనా సరే, ఏ పార్టీవారైనా సరే, ఉపన్యాసానికి బదులు ముప్పై నిమిషాలు ప్రశ్నలకు కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. గడిచిన బడ్జెట్టు సమావేశాల్లో మీరు ఏ పద్దు మీద మాట్లాడారు? ఎన్ని కోత తీర్మానాలిచ్చారు? రక్షణ సంఘం, ఆరోగ్య సంఘం నివేదికల్లో ఏది చదివారు? గిలటిన్ పడిన రోజు మీరు సీట్లో వున్నారా, వెల్‌లో వున్నారా, క్యాంటీన్‌లో వున్నారా? సభ్యుల ప్రశ్నలు, ప్రసంగాలు అన్నీ లోక్‌సభ రికార్డుల్లో తేదీలవారీగా దొరుకుతాయి. వచ్చే సభ్యుడి పేరు ఖాయమైతే ఆ రికార్డు తీసి ఒక పేజీలో రాసిపెట్టే పని మేము చేస్తాము. అతిథిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని కార్యవర్గంలో ఒకరిద్దరు ఇప్పటికే అన్నట్టు తెలిసింది. భోజనాలు ఎలాగూ ప్రశ్నల తరువాతే పెడతారు గనుక అతిథి మర్యాదకు లోటేమీ రాదు. వచ్చేనెల సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాము. దాని మీద మాత్రం మూజువాణి వద్దు, చేతులెత్తించి లెక్కపెట్టండి.